బొంత విప్పిన రోజు

ఇల్లు మారుతున్నానని అందరికీ చెప్పినాను గానీ ఎందుకు మారుతున్నానో ఒక్కరికీ నిజం చెప్పలేదు. ఎదురింటావిడతో మోకాళ్ళ నొప్పులమ్మా, ఇక్కడ మెట్లెక్కలేకుండా ఉన్నా అన్నాను. చర్చిలో అడిగినవాళ్ళతో చిన్న ఇల్లయితే ఊడ్చుకోవడం తేలిక అన్నాను. పాలాయనతో మా కూతురు పోరుతాంది నాయనా అని ఆ పిల్ల మీదికి తోసేసినాను. అసలు సంగతి ఏమంటే, మా ఆయన పోయినాక ఈ మూడు గదుల ఇంటి బాడుగ నా వల్ల కావడం లేదు. ప్రైవేటు బళ్ళో జీవితమంతా పాఠాలు చెప్పినదానికి పింఛను ఎక్కడిది? నంద్యాలలోనే నూనెపల్లె వైపు, లిఫ్టు లేని అపార్టుమెంటులో, మూడో అంతస్తులో, రెండు గదులు మాట్లాడుకున్నాను. మోకాళ్ళ నొప్పులని చెప్పి మూడో అంతస్తుకు పోతున్న మనిషిని నేను. ఇంత వయసొచ్చినా నాకు అబద్ధం చెప్పడం సరిగ్గా రాలేదు, మానుకోవడమూ రాలేదు.

సామాన్లు తగ్గించడానికి నా కూతురు ప్రశాంతి కర్నూలు నుంచి రెండు రోజులు సెలవు పెట్టుకొని వచ్చింది. వచ్చీ రాగానే కొంగు బిగించి హాల్లో మూడు కుప్పలు పెట్టింది. తీసుకుపోయేవి ఒకటి, ఎవరికైనా ఇచ్చేవి ఒకటి, పాత సామాన్ల బండికి వేసేవి ఒకటి. టీచర్స్ డేకి పిల్లలిచ్చిన గోడ గడియారాలే తొమ్మిది తేలినాయి, అందులో ఒక్కటీ తిరగదు. కాలిపోయిన మిక్సీ, మూత లేని ఫ్లాస్కులు, ఎవరి పెళ్ళివో గుర్తులేని శుభలేఖలు, మా ఆయన చొక్కాలు. ఇంత చెత్త ఎప్పుడు పోగేసినాను తల్లీ అని నాకే తల కొట్టేసినట్టయింది. ఆళ్ళగడ్డలో నేను పెరిగిన ఇంట్లో మనిషికొక ట్రంకుపెట్టె ఉండేది. ఆ పెట్టెలో పట్టనిది ఆ మనిషికి లేనట్టే లెక్క. ఏ పెట్టెలో ఏ గుడ్డ ఎన్నో మడతలో ఉందో కళ్ళు మూసుకొని చెప్పేవాళ్ళం. ఇప్పుడు నా బీరువాలో ఏముందో నా కూతురు తీసి చూపిస్తే తప్ప నాకు తెలియదు.

అటక మీది గోనెసంచి విప్పి, దాంట్లో నుంచి ప్రశాంతి ఒక చిన్న స్టీలు డబ్బా తీసింది. పక్కన క్లిప్పు ఉండే అన్నం డబ్బా. కొంగుతో తుడిచి మూత మీది చుక్కల అక్షరాలు కూడబలుక్కొని చదివింది. "ఎస్తేరు. బైబిలు వాక్యముల పోటీ. మొదటి బహుమతి." చదివి నా వైపు తిరిగింది.

"మా, నీకు ఫస్ట్ ప్రైజ్ వచ్చిందా? ఎప్పుడూ చెప్పలేదే."

"పాత సామాన్ల కుప్పలో వెయ్."

"ఏం మాట్లాడతాండావ్ మా? తొమ్మిది గడియారాలు ఉంచుకొని దీన్ని పారేస్తావా? ఎంత చిన్నింట్లో అయినా దీనికి చోటుంటాది. నా బిడ్డకు చూపించల్ల." అని తీసుకుపోయే కుప్పలో, అన్నిటికంటే పైన పెట్టింది. నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి ఊరికే నిలబడినాను.

ఆ డబ్బా నాకెవరూ బహుమతిగా ఇవ్వలేదు. ఆ రోజుదాకా ఈ మాట ఒక్క మనిషితో అనలేదు నేను. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా చెయ్యి వెనక్కి లాగుతాంది.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు. నన్ను పెంచింది మా మేనత్త రూతమ్మ. పెళ్ళయిన రెండో ఏడే భర్త పోతే, ట్రంకుపెట్టె ఎత్తుకొని తమ్ముడింటికి వచ్చేసిన మనిషి. ఆళ్ళగడ్డ ఆస్పత్రిలో ఆయాగా చేసేది. ఆమె ఇంట్లోకి వస్తే ముందు ఫినాయిలు వాసన వచ్చేది, తర్వాత ఆమె వచ్చేది. కాళ్ళు కడుక్కొని, చీర మార్చుకొని, పొయ్యి ముట్టించి జొన్నరొట్టె తట్టడం మొదలుపెడితే ఆ చప్పుడుకు నాకు నోరూరేది. రొట్టె, దాంట్లోకి ఎర్రకారం, నంజుకోవడానికి ఒక ఉల్లిగడ్డ. తినేటప్పుడు మాట్లాడనిచ్చేది కాదు. శనివారం సాయంత్రం నా తలకు ఆముదం పట్టించి, ఆదివారం కట్టుకునే తెల్లచీరకు గంజి పెట్టి, దండెం మీద ఇద్దరం చెరొక కొస పట్టుకొని లాగేవాళ్ళం. కోపం వస్తే అరిచేది కాదు, మాట్లాడ్డం మానేసేది. అదే ఎక్కువ భయంగా ఉండేది.

ఆమె పెట్టెలో అన్నిటికంటే అడుగున, పాత దుప్పటి ముక్కలో చుట్టి, కలరా ఉండలు వేసి పెట్టిన చీర ఒకటుండేది. ఆమె పెళ్ళిచీర. మా వాళ్ళల్లో పెళ్ళికూతురికి తెల్లచీర కడతారు. సన్నటి పట్టు, అంచున వెండిజరీ, కాస్త పసుపు తిరిగింది. ఏడాదికొకసారి దాన్ని తీసి, నీడపట్టున ఆరేసి, మళ్ళీ అవే మడతల మీద మడిచేది. మడిచిన ప్రతిసారీ నాతో ఒకటే మాట. "మే, గుర్తుపెట్టుకో. నన్ను పెట్టెలో పెట్టేనాడు ఇదే కట్టల్ల. మీ మామ దగ్గరికి నేను ఇదే కట్టుకొని పోవల్ల." చావు గురించి అంత మామూలుగా, పండక్కి ఊరు పోతున్నట్టు చెప్పేది. సరే అత్తా అనేదాన్ని.

నాకప్పుడు పన్నెండేళ్ళు. బడికి సత్తు డబ్బాలో అన్నం తీసుకుపోయేదాన్ని. సొట్టలు పడి మూత బిగిసేది కాదు, గుడ్డపీలికతో కట్టేది అత్త. చారు కారి పుస్తకాలు తడిసేవి. నా పక్కన కూర్చునే పిల్లలందరివీ స్టీలు డబ్బాలు. క్లిప్పు తీసినప్పుడల్లా టక్కుమని ఒక చప్పుడు. అంత చిన్న చప్పుడు కోసం అంత పని చేసినాను.

ఎండాకాలం సెలవుల్లో, అత్త ఆస్పత్రికి పోయిన పొద్దు, పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె గంప నెత్తిన పెట్టుకొని మా వీధిలోకి వచ్చింది. పిలిచినాను. నాయన పాత ప్యాంటు, నా చినిగిన లంగా చూపిస్తే ఆమె వేళ్ళతో ఎగదోసి, "వీటికి గంటె కూడా రాదు పాపా, జరీది ఏమన్నా ఉంటే తీ" అనింది. పెట్టె తెరిచినాను. పైన పెట్టినవన్నీ తీసి మంచం మీద పెట్టి, అడుగు నుంచి ఆ మూట తీసి, మిగతావి అదే వరసలో సర్దినాను. తెలియక చేసినానని చెప్పుకోవడానికి వీల్లేదు. చిన్నపిల్లవు, పాతచీర అనుకొని ఇచ్చి ఉంటావులే అని ఇప్పుడు ఎవరన్నా అనొచ్చు. కాదు. నాకు తెలుసు. అది ఏ చీరో, ఏ రోజుకు దాచిపెట్టిందో అంతా తెలిసే ఇచ్చినాను. అత్త ఇప్పుడిప్పుడే పోదు గదా, ఆలోపల ఏదో ఒకటి చేయొచ్చు అనుకున్నాను.

మరి డబ్బా ఎట్లా వచ్చిందని చెప్పాలి? దానికీ దారి దొరికింది. ఆ వారమే నంద్యాలలో మా పెద్దమ్మ వాళ్ళింటికి పంపించినారు నన్ను, అక్కడి చర్చిలో సెలవుల బైబిలు బడికి. మా పెద్దమ్మకూ అత్తకూ మాటల్లేవు, నాయనే బస్సెక్కించినాడు. చివరిరోజు వాక్యాలు ఒప్పజెప్పే పోటీ పెట్టినారు. లేచి నిలబడి సగం చెప్పి, మిగతాది గుర్తురాక కూర్చున్నాను. తిరిగి వచ్చి, సంచి అడుగున బట్టల్లో దాచిన డబ్బా తీసి, మొదటి బహుమతి అత్తా అన్నాను.

అత్త డబ్బాను రెండు చేతుల్లో తిప్పి తిప్పి చూసింది. మరుసటి రోజు డ్యూటీ నుంచి వస్తా వస్తా సామాన్ల అంగడికి పోయి, పేర్లు కొట్టేటాయన పక్కన కూర్చొని, ఒక్కొక్క అక్షరం చెప్పి మూత మీద కొట్టించుకొని వచ్చింది. ఆ ఆదివారం డబ్బా నిండా గుగ్గిళ్ళు పోసి చర్చికి తెచ్చి, ఆరాధన అయినాక అందరికీ పంచింది. ఆమె నలుగురిలో నోరు తెరిచి నవ్వడం అంతకుముందు నేను చూడలేదు. ప్రతివాళ్ళూ నా తల నిమిరినారు. నా వంతు గుగ్గిళ్ళు పక్కన పిల్ల చేతిలో పోసేసినాను.

వానలకు ముందర ఏటా మాబున్ని అనే ఆమె వచ్చేది, బొంతలు కుట్టడానికి. మా వీధి చివర ఉండేది. పాతచీరలు పొరలు పొరలుగా నేల మీద పరిచి, మూలలకు రాళ్ళు పెట్టి, పెద్ద సూదితో అంచు నుంచి లోపలికి కుట్టుకుంటా వచ్చేది. వక్కాకు నములుతా, ఊరి సంగతులన్నీ చెబుతా, గీత గీసినట్టు కుట్టేది. పై పొరకు ఏ చీర వేయాలో నన్నే అడిగేది. "పాపా, నీ బొంత, నీ ఇష్టం" అనేది. పెద్దవాళ్ళలో నన్ను ఇష్టం అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆ ఏడు కూడా రెండు రోజులు మా ఇంట్లో కూర్చొని కుట్టింది. అత్త ఆమె ముందరే పెట్టె తెరిచి పైపైన ఉన్న పాతచీరలు తీసిచ్చింది. అడుగుకు పోలేదు.

మొదటి వానకు పెట్టెకు చెమ్మ తగిలి, అత్త అన్నీ తీసి ఎండకు వేసింది. తెల్లచీర లేదు. గోనెసంచులు, చాపలు, గంప, అన్నీ దులిపింది. తర్వాత ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. చీరలిచ్చేటప్పుడు పొరపాటున అదీ పోయి బొంత పొరల్లో కలిసి ఉంటుందని. అత్త మా నాయన గడ్డం బ్లేడు తీసుకొని బొంత ముందర కూర్చునింది. "మే, ఆ కొస పట్టుకో" అనింది. పట్టుకున్నాను. ఒక్కొక్క కుట్టూ తెంపింది. మాబున్ని రెండు రోజులు కుట్టినదాన్ని మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా విప్పింది. ఒక పొర తీసినప్పుడల్లా ఆమె మొగంలో ఆశ. కాదు, ఇంకా లోపల ఉండాదేమో. ఇంకొక పొర. చీర ఎక్కడా లేదని ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, కొస గట్టిగా పట్టుకొని కూర్చున్నాను. ఆఖరి పొర కూడా విప్పి, దారాల కుప్ప మధ్యలో అత్త చేతులు ఒళ్ళో పెట్టుకొనింది. ఆమె ఏడుస్తే చెప్పేసేదాన్నేమో. ఏడవలేదు. లేచి మాబున్ని ఇంటికి పోయింది, నేనూ వెనకాలే పోయినాను.

"మాబున్నీ, నా తెల్లచీర యాడ?"

"ఏ చీరమ్మా?"

"నువ్వు తప్ప నా పెట్టె కాడికి ఎవురూ రాలేదు."

మాబున్ని వాకిట్లో బియ్యం చెరుగుతాంది. చాట కింద పెట్టి లేచింది. "రూతమ్మా, గుడ్డ కుట్టేదాన్ని నేను, గుడ్డ ఎత్తకపోయేదాన్ని కాదు. నా కొడుకు మీద ఒట్టు." ఆమె కొడుకు ఖాసిం, నాకంటే రెండేళ్ళు పెద్ద, గుమ్మంలో నిలబడి చూస్తాండాడు. అత్త "నా చావుచీర అది. దేవుడు చూసుకుంటాడు లే" అని తిరిగి వచ్చేసింది. మాబున్ని నా వైపు చూసింది. నువ్వన్నా చెప్పు పాపా, నేను నీ ముందరే గదా కుట్టినాను అన్నట్టు చూసింది. నేను అత్త కొంగు పట్టుకున్నాను.

ఆ మాట వీధంతా పాకింది. తర్వాత ఎవరూ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. పిలవడం మానేసినారు, అంతే. ముందు చీరలు లెక్కపెట్టి ఇచ్చినారు, మరుసటేడు అదీ లేదు. ఆమె శనక్కాయల కూలికి పోవడం మొదలుపెట్టింది. నేను బడికి పోయేటప్పుడు సందు మార్చుకున్నాను. డబ్బా బడికి తీసుకుపోయినాను, టక్కుమని క్లిప్పు తీసినాను కూడా. ఎవరూ తలెత్తి చూడలేదు.

నేను నంద్యాలలో టీచరు ట్రైనింగు చదువుతున్నప్పుడు అత్త పోయింది. అప్పటికప్పుడు అంగట్లో దొరికిన తెల్లచీర తెచ్చి కట్టినారు, మడతల గీతలు కూడా పోలేదు దానికి. శవపెట్టె చుట్టూ నిలబడిన ఆడవాళ్ళు, ఆ మాబున్ని ఎత్తకపోకుంటే ఈ పొద్దు పెళ్ళిచీర కట్టుకొని పోయేది గదా పాపం అన్నారు. బయట వేపచెట్టు కింద మాబున్ని వచ్చి నిలబడి ఉంది, లోపలికి రాకుండా. నేను చూసినాను. చూసి మొగం తిప్పుకున్నాను. పన్నెండేళ్ళప్పుడు చేసినదానికంటే ఆ మొగం తిప్పుకోవడమే నాకు ఎక్కువ సిగ్గు. అప్పటికి నేను పిల్లను కాను.

ఇదంతా ఆ సాయంత్రం ప్రశాంతికి చెప్పినాను, కుప్పల మధ్యలో కూర్చొని. అది ఓదార్చలేదు. "ఆమె ఉండాదా?" అని అడిగింది. మాబున్ని ఉందని నాకు తెలుసు. ఆళ్ళగడ్డ నుంచి ఎవరొచ్చినా మాట మధ్యలో ఏదో అడిగినట్టు అడిగి తెలుసుకుంటానే ఉన్నాను ఇన్నేళ్ళూ. "మరి పోలేదేమి?" అనింది నా కూతురు.  డబ్బాను నేనే తీసి పాత సామాన్ల కుప్పలో వేసినాను. ఈసారి ప్రశాంతి అడ్డం రాలేదు. మరుసటి రోజు పొద్దున బండాయన వచ్చి గడియారాలతో పాటు కట్టుకొని పోయినాడు. నేను ఆళ్ళగడ్డ బస్సెక్కినాను.

ఖాసింది పరుపుల అంగడి, వెనకాలే ఇల్లు. మాబున్ని నులకమంచం మీద కూర్చొని ఉంది, గుప్పెడంత మనిషయిపోయింది. కళ్ళకు పొరలు. కోడలు నాకు కుర్చీ వేసి టీ పెట్టడానికి పోయింది.

"ఎవురూ?"

"నేను ఎస్తేరును. రూతమ్మ మేనకోడలిని."

"రూతమ్మ మేనకోడలా." కళ్ళు చికిలించి నా వైపు మొగం తిప్పింది. "టీచరయినావంట గదా. కూర్చో."

చెప్పినాను. బస్సులో ఎన్నో మాటలు పేర్చుకొని పోయినాను, ఒక్కటీ పనికి రాలేదు. చీర నేనే ఇచ్చేసినాను, నిన్ను అంటాంటే చూస్తా ఊరుకున్నాను అని నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఆమె వింటా తన మోకాలి మీది చీర మడతను వేళ్ళతో సాఫు చేసుకుంటా కూర్చునింది.

"దేనికిస్తివి?"

"ఒక డబ్బాకు. అన్నం డబ్బాకు."

"మంచి డబ్బానేనా?"

 ఆమె ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగింది. నేను ఏడ్చినాను. ఏడిస్తే ఆమె ఏమన్నా మెత్తబడుతుందని లోపల ఎక్కడో అనుకున్నానేమో, అదీ సిగ్గే.

"అప్పుడు చెప్పింటే నాకు పనికొచ్చేది" అనింది. "ఇప్పుడు చెబితే నీకు పనికొస్తాది. మా ఆయన బతికినన్నాళ్ళూ ఇంట్లో ఏది కనపడకపోయినా ముందు నా మొగం చూసేటోడు. అగ్గిపెట్టె కనపడకున్నా సరే. నోరు తెరిచి ఒక్కమాట అనలేదు, చూసేటోడు. ఆయన పోయినాడు. ఆయనకు నువ్వు చెప్పలేవు."

కోడలు టీ తెచ్చి పెట్టి పోయింది, ముట్టుకోలేదు. టీ చల్లారిపోయింది. "బస్సుకు టైమైతాంది మా, మళ్ళీ వస్తా" అని లేవబోయినాను. ఇక్కడ కూడా అబద్ధమే, బస్సుకు చాలాసేపుంది.

"బస్సులు వస్తానే ఉంటాయి. ఖాసిం అన్నానికి వస్తాడు. వానికి చెప్పి పో."

అరగంటో గంటో కూర్చున్నాను. ఖాసిం వచ్చినాడు, గడ్డం నెరిసిపోయింది, భుజాల మీద దూదిపింజలు. నన్ను గుర్తుపట్టి, "టీచరమ్మా, మీరు మా ఇంటికి వచ్చినారా" అని రెండు చేతులెత్తి మొక్కినాడు. నేల చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. కోడలు వంటింటి గడప మీదికి వచ్చి నిలబడింది.

"చెప్పు" అనింది మాబున్ని. "కూర్చొని కాదు. బళ్ళో పిల్లోల్లను నిలబెట్టి చెప్పిస్తావు గదా. నిలబడి చెప్పు. గట్టిగా చెప్పు, నాకు చెవులు కూడా సరిగా లేవు."

నిలబడినాను. ఇన్నేళ్ళు క్లాసుల్లో అరిచిన గొంతు, రెండుసార్లు దగ్గితే గానీ రాలేదు. "మా అత్త తెల్లచీర మీ అమ్మ తీయలేదు. నేను తీసినాను. తెలిసే తీసినాను. మీ అమ్మను అంటాంటే నోరు మూసుకున్నాను."

ఖాసిం నా వైపు చూడలేదు. పోయి వాళ్ళమ్మ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కూర్చొని ఆమె కాళ్ళ మీద చెయ్యి పెట్టి, "మా, నేను కూడా నువ్వే తీసినావనుకొంటి" అన్నాడు.

"తెలుసు లేరా" అనింది మాబున్ని.

కోడలు లోపలికి పోయి కంచాలు తీస్తాంది. వాళ్ళిద్దరూ అట్లే ఉన్నారు. నేను నిలబడే ఉన్నాను. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు.